మూడు బిందెల గొప్ప

పోయిన వారం మా ఆదోని ఇంటికి మునిసిపాలిటీ నుంచి ఒకమ్మాయి వచ్చింది. మెడలో ఫోటో ఉన్న కార్డు, చేతిలో అరచేయంత మిషను. కొళాయి పన్ను పాతబాకీ ఉందట. "ఈ నెలలోపల అంతా ఒకేసారి కట్టేస్తే వడ్డీ మాఫీ అవుతుందవ్వా" అంది. మా కోడలు పొయ్యి మీది పాల మీద ఒక కన్ను వేసి ఉంచే, ఫోను తీసి రెండు నొక్కులు నొక్కి కట్టేసింది. మిషను నాలుక చాపినట్టు ఒక చీటీ బయట పెట్టింది. కొళాయి మాత్రం ఆ పూట రాలేదు. మా వీధి వంతు మర్నాడు. ఆ అమ్మాయి గేటు దాటి పోయాక కూడా 'మాఫీ' అన్న మాట నా చెవిలోనే ఉండిపోయింది. నీళ్ల బాకీ కొంచెం సడలించండి సామీ అని అడగడానికి ఒకప్పుడు ఇదే ఆదోనికి నేనూ నా తోడికోడలూ కాలినడకన వచ్చాం. ఆ కథలో నీళ్లు ఎన్ని ఉన్నాయో నా కుళ్లు కూడా అంతే ఉంది. ఇంతవరకూ మా పిల్లలకు నీళ్ల సంగతి మాత్రమే చెప్పాను. తొంభైకి దగ్గర పడ్డదాన్ని, రెండోది దాచుకుని ఇప్పుడు చేసుకునేదేముంది?

నేను పుట్టింది తుంగభద్ర ఒడ్డున, మాధవరంలో. నీళ్లంటే మాకు మోసే వస్తువు కాదు, పోయి దిగేది. అలాంటిదాన్ని ఆదోనికీ ఎమ్మిగనూరుకీ నడుమ ఒక మెట్ట ఊరికి ఇచ్చి చేశారు. ఆ ఊళ్లో బావి ఉంది గానీ అందులోవి ఉప్పునీళ్లు. పప్పు ఉడకదు, దాహం తీరదు. తాగే నీళ్లు కావాలంటే మైలు దూరంలో ఉన్న వంకకు పోవాలి. వంక అన్నానే గానీ అందులో నీరు పారేది ఏడాదికి పది రోజులు. మిగతా రోజుల్లో ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన నీటిని కొబ్బరిచిప్పతో తోడి బిందెకు పోసుకోవాలి. ఒక బిందె నిండేలోగా పక్కనామె తన కాపురమంతా చెప్పేసేది. మొదటి నెల నేను ఏడ్చిన కన్నీళ్లు కూడా పట్టి ఉంటే ఒక చెంబు నీళ్లు మిగిలేవని మా ఇంటాయన ఎగతాళి చేసేవాడు. రెండో నెలకు ఏడుపు మానేశాను. ఆరో నెలకు తల మీద రెండు బిందెలు, చంకలో ఒకటి పెట్టుకుని, నల్లరేగడి గట్టు మీద చుక్క తొణక్కుండా నడిచేదాన్ని. మా చుట్టుపక్కల మూడు బిందెలు మోసే ఆడది ఇంకొకతె లేదు. మా అత్త నోట్లోంచి మంచిమాట రావడమంటే ఆ వంకలో వరద రావడమే. అలాంటి అత్త కూడా వాకిట్లో కూర్చున్న వాళ్లతో, "మా పెద్దకోడలు మడిసి కాదప్పా, ఎద్దులబండి" అనేది. ఎద్దులబండి అనిపించుకుని మురిసిపోయిన ఆడదాన్ని మీరెప్పుడైనా చూశారా? నేను మురిసిపోయాను. నా దగ్గర చెప్పుకోవడానికి వేరే ఏమీ లేదు. పెళ్లయిన మూడో ఏట అయిదో నెల కడుపుతో ఆ గట్టు మీదే జారిపడ్డాను. ఆ తర్వాత చాలాకాలం ఒళ్లో బిడ్డ లేదు, తల మీద బిందెలే ఉండేవి.

అప్పుడు వచ్చింది నా మరిది పెళ్లాం. కర్నూలు మనకు రాజధాని అయిందని చావిడిలో మగవాళ్లు గొప్పగా చెప్పుకుంటున్న రోజులవి. ఆమె ఆదోని పిల్ల. నాన్న పత్తిమిల్లులో పని. ఎనిమిదో తరగతి చదివిందట. సన్నగా, పొడుగ్గా, జొన్నచేను మీద గాలి వీచినట్టు నడిచేది. మొదటిరోజు ఆమెను చెలమకు తీసుకుపోయింది నేనే. ఒక్క బిందె ఎత్తింది. ఇంటికి చేరేసరికి అందులో సగం ఆమె రవికె తాగేసింది. నేను పైకి అయ్యో అన్నాను. లోపల ఎంత చల్లగా ఉందో చెప్పలేను. కానీ ఆ చల్లదనం ఎక్కువ రోజులు నిలవలేదు. ఏడాది తిరక్కుండా ఆమెకు మగపిల్లవాడు పుట్టాడు. ఆమెకు నీళ్ల పని తప్పింది, ఆ వంతు కూడా నా తలకు వచ్చింది. ఊళ్లో ఎవరికి ఉత్తరం వచ్చినా మా గుమ్మం ముందే నిలబడేవాళ్లు, "చిన్నమ్మా, ఇది సదివి పెట్టు తల్లీ" అని. ఎద్దులబండి పక్కన చదువుల తల్లి వచ్చి కూర్చుంటే ఎద్దులబండిని ఎవరు చూస్తారు?

ఆ వేసవిలోనే పైపులైను మాట వచ్చింది. వంక ఒడ్డున లోతుగా బావి తవ్వి, ఆయిలింజను పెట్టి, ఇనుప గొట్టాల గుండా ఊళ్లో తొట్టికి నీళ్లు ఎక్కిస్తారట. ఖర్చులో సగం సర్కారుది. మిగతా సగం ఊరి పేరున అప్పు; దాన్ని ఇంటింటికీ సమానంగా పంచి అయిదేళ్లు కంతుల్లో కట్టాలి. మొదటి కంతు గొట్టాలు దిగకముందే కట్టాలి. పేరిచ్చిన ఏ ఇల్లు తప్పినా ఆ గొట్టాలు సర్కారు జాబితాలో మా తర్వాతి ఊరికి పోతాయి. రెండు జతల ఎద్దులున్న రైతుకూ, రెక్కలు తప్ప ఏమీ లేని కూలికీ ఒకే కంతు. కూలివాళ్ల పేటలో మాతోపాటు చెలమకు వచ్చే ఒకామె ఉండేది. ఆదివారం ప్రార్థనకు పోయే ఆ ఒక్కరోజే ఆమె ఉతికిన చీర కట్టేది. నాకు ఆ ఊళ్లో మొదటి స్నేహితురాలు ఆమే. చెలమ తోడడం నేర్పింది కూడా ఆమే. ఆమె అంది: "నీళ్లు రావాలనే ఉందమ్మే. మేకను అమ్మితే ఒక కంతు. ఆమైన రెండో కంతుకు దేన్ని అమ్మేది? మా ఆయన్నా?"

మా మరిది పెళ్లాం అర్జీ రాస్తానంది. అందులో మూడు కోరికలు. కంతులు అయిదేళ్లు కాదు, పదేళ్లు చేయాలి. గొట్టాలకు కాలువ తవ్వే పని ఊరివాళ్లే చేస్తారు, ఆ కష్టాన్ని లేనివాళ్ల వంతు కింద చెల్లుబెట్టాలి. మొదటి కంతు నీళ్లు వచ్చాకే తీసుకోవాలి. మధ్యాహ్నం మా ఇంటి వసారాలో రోలు పక్కన బోర్లా పడుకుని ఆమె రాస్తుంటే, పేట ఆడవాళ్లంతా చుట్టూ కూర్చుని వేలిముద్రలు వేయడానికి బొటనవేళ్లు తుడుచుకుంటున్నారు. మా అత్త పిల్లవాణ్ణి ఒళ్లో వేసుకుని ఆ కాగితానికి విసనకర్రతో విసురుతోంది. పిల్లవాడికి కాదు, కాగితానికి, సిరా ఆరాలని. నేను మూడు బిందెలతో లోపలికి వచ్చాను. ఎవరూ తల ఎత్తలేదు. మా అత్త ఒక్కతే చూసి, "మెల్లగ దించమ్మే, కాగితం మీద సిలుకుతాయి" అంది. ఆ మాటకు నాకు ఒళ్లు మండిన మంట, చెబితే నవ్వుతారు, ఇప్పటికీ అప్పుడప్పుడూ గుర్తొస్తే అరికాళ్లు వెచ్చబడతాయి.

నెల తర్వాత విచారణకు ఆదోని నుంచి ఆఫీసరు జీపులో వచ్చాడు. ఆయనది కోస్తా వైపు మాట, నెమ్మదైన మనిషి. చెలమ దగ్గరే ఆడవాళ్లతో మాట్లాడతానన్నాడు. మా మరిది పెళ్లాం పిల్లవాణ్ణి చంకనేసుకుని ఆయన పక్కన నిలబడి ఊరి కష్టమంతా పూసగుచ్చినట్టు చెప్పింది. ఆయన తలాడిస్తూ, "ఎంతవరకు చదువుకున్నారమ్మా? చాలా చక్కగా రాశారు" అన్నాడు. సరిగ్గా ఆ మాట పడ్డప్పుడే నేను మూడు బిందెలతో ఒడ్డెక్కుతున్నాను. ఆయన నా వైపు తిరిగి, "అమ్మా, ఇంత బరువు రోజూ మోయడం కష్టంగా ఉండదూ?" అని అడిగాడు.

ఆయన అడిగింది జాలితో. నాకు వినిపించింది సవాలుగా.

"కష్టమేముంది సామీ? మోసేటోళ్లకి కష్టం ల్యాదు. మోయలేనోళ్లు కాగితాలు రాస్తారు. మాకు ఇదొక దూరమా, పదం పాడుకుంటా పోయొస్తాం" అన్నాను.

చుట్టూ ఉన్న ఆడవాళ్లు పకపకా నవ్వారు. నా గొప్పలు వాళ్లకు కొత్త కాదు. ఆఫీసరు కూడా నవ్వి చేతిలోని పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. మా మరిది పెళ్లాం మాత్రం నవ్వలేదు. నా వైపు ఒకసారి చూసి, పిల్లవాణ్ణి ఆ చంకలోంచి ఈ చంకకు మార్చుకుంది. ఆ సాయంత్రం దాకా నా నోట్లో బెల్లం ముక్క కరుగుతున్నట్టే ఉంది.

జవాబు వచ్చిన రోజు చావిడి ముందు ఊరంతా చేరింది. మగవాళ్లు అరుగు మీద, మేం గోడవారగా. మా మరిది పెళ్లాం కాగితం చేత పట్టుకుని గట్టిగా చదివింది. మనవి పరిశీలించడమైనది, కంతుల సడలింపు ఈ గ్రామానికి వీలుపడదు, గడువులోగా మొదటి కంతు చెల్లించవలెను. మధ్యలో ఒకచోట గొంతు సవరించుకుని కొంచెం ఆగింది, అంతే. కారణం ఏమిటని పెద్దాయన ఒకరు అడిగితే, "కారణమేమీ రాయలేదు పెద్దనాయనా" అంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు మొదట కలిగింది సంతోషం. చక్కగా రాశారమ్మా అన్నాడే, ఏమైంది ఆ చక్కదనం అనుకున్నాను. ఆ తర్వాత నా స్నేహితురాలు లేచి నిలబడింది. మగవాళ్ల ముందు ఆమె అలా నిలబడడం నేనెప్పుడూ చూడలేదు. "మా పేట పేర్లు కొట్టేయండప్పా. మీరు పెట్టిచ్చుకోండి. మేం ఎట్లా ఉండామో అట్లే చెలమకి పోతాం" అంది. కంతు కట్టనివాళ్లు తొట్టి దగ్గరికి రాకూడదు అని అరుగు మీది నుంచి ఎవరో అన్నారు. అది న్యాయమేనని ఇంకెవరో అన్నారు. నా నోట్లో బెల్లం అప్పటికి పూర్తిగా కరిగిపోయింది.

మూడు రోజుల తర్వాత మా మరిది పెళ్లాం పెరట్లోకి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. "అక్కా, ఇంగోసారి పోయి ఆ ఆఫీసరును అడుగుదాం. నువ్వు రావాల" అంది. "నేనెందుకే? నాకు సదువా సంధ్యా? నువ్వు పో, చక్కగ మాట్లాడతావు కదా" అన్నాను. ఆ ఎత్తిపొడుపు ఆమె విననట్టే ఉంది. "నేను చెప్తే కాగితం చెప్పినట్టుంటాది. నువ్వు చెప్తే మడిసి చెప్పినట్టుంటాది. జల్దీ పోదాం, గడువు దగ్గరపడింది" అంది. ఆదోని వాళ్ల నోట్లో జల్దీ ఎప్పుడూ నానుతూనే ఉంటుంది. పిల్లవాణ్ణి అత్తకు అప్పగించి, సంగటి ముద్దలు గుడ్డలో కట్టుకుని, చీకటి విడవగానే బయలుదేరాం. దారంతా నేనే ముందు నడిచాను. నడకలోనైనా ఆమె కంటే ముందుండాలని.

ఆఫీసులో చాలాసేపు కూర్చోబెట్టి పిలిచారు. ఆఫీసరు నన్ను చూడగానే గుర్తుపట్టాడు. మా మరిది పెళ్లాం ఏదో చెప్పబోతే ఆపి, ఫైలు తెరిచి, "మూడు బిందెలావిడ ఈవిడే కదమ్మా? మీ గ్రామానికి పంపిన కాగితంలోనే రాశాం కదా, నీళ్లు తెచ్చుకోవడం తమకు కష్టం లేదని గ్రామ స్త్రీయే చెప్పింది కాబట్టి సడలింపు అక్కర్లేదని పైవాళ్లు తోసిపుచ్చారని. చదవలేదా మీరు?" అన్నాడు.

చదివింది. ఊరందరి ముందు, నా ముందు చదివింది. ఆ ఒక్క వాక్యం మింగేసి చదివింది. గొంతు సవరించుకున్నది అక్కడే. నేను ఆమె వైపు చూశాను. ఆమె గోడ మీది బొమ్మను చూస్తోంది. ఇలాంటి చోట మనిషికి పశ్చాత్తాపం పొంగుకు రావాలి, అసూయ చచ్చిపోవాలి. నాకు అలా జరగలేదు. రూపంలో మించింది, చదువులో మించింది, బిడ్డను కని మించింది, చివరికి మంచితనంలో కూడా నన్ను మించిపోయిందే అని కడుపు మండిపోయింది. ఆ మంటలోనే నోరు తెరిచాను. పుణ్యానికి ఈసారి నిజం వచ్చింది.

"అది గొప్పకు చెప్పినా సామీ" అన్నాను. "ఈ పిల్ల ముందు గొప్ప కావాలని చెప్పినా. మూడు బిందెలు మోస్తానా లేదా అని అడిగితే మోస్తా. దినానికి ఎన్ని తూర్లు పోతావని అడగలే మీరు. పొద్దున మూడు తూర్లు, పొద్దు వాలినాక రెండు. ఇంగ కూలికి పోయేకి పొద్దు యాడ మిగుల్తాది? మా ఊళ్లో ఆడోళ్లంతా అంతే. నీళ్లు వస్తే ఆ పొద్దంతా కూలికి పోతాం, చెనక్కాయ పీకుతాం, పత్తి ఏరుతాం, మీ కంతు కడతాం. నీళ్లు రాకముందే కట్టమంటే దేన్ని కట్టేది సామీ? తాగేకే నీళ్లు లేవంటే, అప్పు కట్టేకి మూడు చెరువుల నీళ్లు తాగమంటారా?"

నేను ఆగి ఉంటే బాగుండేది. ఆగలేకపోయాను.

"ఆ గట్టు మీదనే జారిపడి కడుపులో బిడ్డను పోగొట్టుకున్నా. నాలుగో దినం మళ్లా బిందె ఎత్తినా. కష్టం లేదని ఎట్ల చెప్పినానో నాకే తెలీదు."

మా మరిది పెళ్లాం చప్పున నా వైపు తిరిగింది. ఆమె కాపురానికి రాకముందు మాట అది. ఇంట్లో ఎవరూ దాన్ని ఎత్తేవాళ్లు కాదు. ఆఫీసరు కలం కింద పెట్టి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, కొత్త కాగితం తీశాడు. "మెల్లగా, మొదటినుంచి చెప్పండమ్మా. రోజుకు ఎన్నిసార్లు అన్నారు?" అని రాసుకోవడం మొదలుపెట్టాడు.

బయటికి వచ్చాక బజారులో ఒక అంగడి ముందు ఆగి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. ఆ వాక్యం ఎందుకు మింగావని నేను అడగలేదు. తన ఆకులో బజ్జీ తీసి నా ఆకులో పెట్టింది. ఇదొకటి, పెట్టడంలో కూడా ముందే ఉంటుంది అనుకుంటూ తిన్నాను. బజ్జీ మాత్రం బాగుంది.

రెండు నెలలకు కాగితం వచ్చింది. ఈసారి ఆమె ప్రతి అక్షరమూ చదివింది. కంతులు పదేళ్లకు పెంచారు. కాలువ తవ్విన కష్టాన్ని లేనివాళ్ల వంతు కింద చెల్లుబెట్టారు. నీళ్లు వచ్చి ఏడాది నిండాక, చెనక్కాయ పంట చేతికి వచ్చే నెలలో మొదటి కంతు. పేట ఆడవాళ్లు ఆమెను చుట్టుముట్టారు. "నేను కాదమ్మా, అక్క మాట్లాడినందుకే వచ్చింది" అని ఆమె ఎంత చెప్పినా వినలేదు. "ఎంత అణకువ చూడప్పా సదువుకున్న పిల్లకి" అని దానికీ మెచ్చుకున్నారు. నేను నోరు విప్పితే ఆ ఘనతలో సగం నాది. కానీ రెండోసారి ఆఫీసులో ఏం చెప్పానో చెప్పాలంటే, మొదటిసారి చెలమ దగ్గర నేనన్న మాట వల్ల ఏం జరిగిందో కూడా చెప్పాలి. అందుకని మూసుకుని కూర్చున్నాను. అంత దగ్గరగా వచ్చి చేతికందని పేరు మరొకటి నా బతుకులో లేదు.

గొట్టాల కాలువ ఊరంతా కలిసి తవ్వింది. ఆ కసి అంతా గడ్డపార మీద చూపించాను, నా పక్కన తవ్విన నా స్నేహితురాలు, "ఏమ్మే, భూమి నీకేం అన్యాయం చేసింది?" అని నవ్వింది. ఇంజను తిప్పిన రోజు తొట్టి దగ్గర గొట్టం ముందు దగ్గింది, తర్వాత ఎర్రటి బురద కక్కింది, ఆ తర్వాత నీళ్లు. పెద్దలు మా మరిది పెళ్లాం చేతనే మొదటి బిందె పట్టించారు. మా అత్త వచ్చినవాళ్లందరికీ "మా చిన్నకోడలు తెప్పిచ్చిన నీళ్లు" అని చెంబుతో పోసింది. నాకూ పోసింది. తాగాను. మాధవరంలో నేను తాగి పెరిగిన నీళ్లంత తియ్యగా ఉన్నాయి, ఏం చేయను?

ఆ తర్వాత కొన్నాళ్లు నాకు తల తేలిపోతున్నట్టుండేది. పొద్దున లేచి ఏం చేయాలో తోచేది కాదు. ఎద్దులబండి అనే మాట మా ఇంట్లో మళ్లీ వినబడలేదు. చెనక్కాయ పీకడానికి కూలికి పోయాను, నా స్నేహితురాలితో పాటు. ఆమె మేక ఆ ఏడు రెండు పిల్లలు పెట్టింది. మొదటి కంతు మా రెండిళ్లదీ ఆ కూలి డబ్బులతోనే కట్టాం. ఆ మరుసటి ఏట నాకు కూతురు పుట్టింది, తర్వాత ఇద్దరు కొడుకులు. వాళ్లకు వంక అంటే రేగుపళ్లు దొరికే చోటు, అంతే. ఆఖరి కంతు కట్టినప్పుడు మా ఊళ్లో సగం మందికి ఆ బాకీ దేనికోసమో కూడా గుర్తులేదు.

పిల్లల చదువుల కోసం మేం ఆదోనికి, మరిదివాళ్లు ఎమ్మిగనూరుకి మారిపోయాం. మా మరిది పెళ్లాం పోయి కొన్నేళ్లయింది. పోవడానికి ముందు ఒక ఎండాకాలం నా దగ్గరికి వచ్చి నెలరోజులు ఉంది. ఇద్దరం వరండాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాం. ఇద్దరికీ జుట్టు నెరిసింది, ఇద్దరికీ మోకాళ్లు లేవు. ఎలా వచ్చిందో తెలియదు, నోటికి వచ్చేసింది. "ఒక మాట సెప్పాలమ్మే. ఆ దినాల్లో నీ మీద నాకు శానా కుళ్లు ఉండె" అన్నాను. ఆమె చింతపండు మీంచి కళ్లెత్తలేదు. "ఊరందరికీ తెలుసు కదక్కా. నీకొక్కదానికే తెలీదేమో అనుకుంటాంటిమి" అని, తీసిన గింజను గిన్నెలో వేసింది.

ఆ ఒక్క మాట చెప్పడానికి నాకు అరవై ఏళ్లు పట్టింది. అది తెలుసుకోవడానికి ఆమెకు చెలమ ఒడ్డున ఒక్క చూపు చాలింది. కాలం అందరికీ ఒకే నడక నడుస్తుందంటారు గానీ, నన్ను మాత్రం అది చాలా వెనక నడిపించింది.